తలుపు తీస్తే దిగే మెట్టు

హనుమకొండ

ప్రియమైన శ్రీనివాస్‌కు,

నీ ఉత్తరం అందింది. నీ బండి తలుపు తీయగానే ఎడమవైపు మెట్టు సగం దిగి మళ్ళీ లోపలికి ముడుచుకుంటున్నదనీ, మోటారు మార్చాలని షెడ్డులో చెప్పారనీ రాశావు. దయచేసి అప్పుడే డబ్బు కట్టకు. మా బండికీ ఇదే జబ్బు చేసింది. తప్పు మోటారుది కాదని తెలుసుకోవడానికి నాకు రెండు ఆదివారాలు పట్టాయి.

అమ్మ మోకాళ్ళ నొప్పులతో అంత ఎత్తు బండి ఎక్కలేకపోతున్నదని ఈ కరెంటు మెట్టు పెట్టించిన సంగతి నీకు తెలుసు. వానకాలంలో మేడారం వెళ్ళి వస్తుండగా తాడ్వాయి దగ్గర మట్టిబాటలో ఒక రాయి మెట్టు వెనుక కొసకు బలంగా తగిలింది. ఆ వారమే ఆసుపత్రి ముందు అమ్మ నా చేయి పట్టుకొని నిలబడి ఉండగా మెట్టు దిగబోయి వెనక్కి వెళ్ళిపోయింది. ఆమె మళ్ళీ ఆటోలోనే వెళ్తానన్నప్పుడు నాకు చాలా బాధ కలిగింది.

బండి కింద ఆ మెట్టును మోసేవి రెండు మడత చేతులు. ఒకదానికి మోటారు ఉంటుంది, రెండోది దాని వెంట నడుస్తుంది. కాడికి కట్టిన జోడెడ్ల వలె రెండూ ఒకే తీరుగా కదలాలి. ఒకటి కొంచెం పక్కకు తిరిగినా మెట్టు బిగుసుకుంటుంది, మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, అప్పుడు కంట్రోల్ పెట్టె ఎవరి కాలో అడ్డుపడిందనుకొని మెట్టును వెనక్కి తిప్పేస్తుంది. అంటే నీ మోటారు, ఆ పెట్టె తమ పని తాము సరిగ్గానే చేస్తూ ఉండవచ్చు.

ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీగ తప్పకుండా విప్పు. నీ చేయి కింద ఉండగా పిల్లలెవరైనా తలుపు తీస్తే వేళ్ళు నలిగిపోతాయి. తరువాత మోటారును మడత చేతి నుండి ఊడదీసి, మెట్టును చేత్తో లాగి చూడు. మోటారు బిగించి ఉంటే దాని గేరు కదలనివ్వదు కనుక ఈ పరీక్ష కుదరదు. నాది అలా లాగినప్పుడు సగంలో పట్టేసింది. కీలు పిన్నుల చుట్టూ ఎండిన ఎర్రమట్టి, దాని మీద ఎవరో పూసిన గ్రీజు కనిపించాయి. గ్రీజు దుమ్మును పట్టి ఉంచుతుంది కాబట్టి అంతా నీళ్ళతో కడిగి, ఆరిన తరువాత సిలికాన్ స్ప్రే కొట్టాను. సగం తేలికైంది, పూర్తిగా కాలేదు.

అప్పుడు టేపు పట్టి, బండి అంచుకూ మెట్టుకూ మధ్య సందు కొలిచాను: ముందు 18 మి.మీ., వెనుక 31 మి.మీ. ఆ రాయి దెబ్బకు వెనుక చేయి మెట్టు కింద తన చోటు నుండి జరిగిపోయింది. మొదటి ఆదివారం నేను వెనుక బోల్టులు మాత్రమే వదులు చేసి, సందు సరిచేసి గట్టిగా బిగించాను. మెట్టు మునుపటికంటే ఎక్కువ పట్టేసింది. రెండో ఆదివారం రెండు చేతుల బోల్టులూ వదులు చేసి, మెట్టును పదిసార్లు లోపలికీ బయటికీ ఆడించి, చేతులు వాటంతట అవే ఒకే వరుసకు వచ్చేదాకా ఓపిక పట్టాను. ఆ తరువాత మెట్టును పూర్తిగా లోపలికి నెట్టి, రెండు కొసలా సందు సమానంగా చూసుకొని, ముందొక బోల్టు, వెనుకొక బోల్టు చొప్పున కొంచెం కొంచెంగా బిగించాను. ప్రతి విడతకూ చేత్తో కదిపి చూశాను. అసలు పనితనమంతా ఇక్కడే ఉంది, తొందరపడకు.

ఒక్క తలుపు తీసినప్పుడే మెట్టు కదలకపోతే మాత్రం ఆ తలుపు అయస్కాంతం, దాని ఎదుటి సెన్సారు చూడు. వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము కూడా వెతుకు.

మోటారు ఊడదీశాక మెట్టు తేలికగా కదిలిందో లేదో, ముందూ వెనుకా సందులు ఎంతెంత వచ్చాయో రాయి. కదిలితేనే మోటారు సంగతి చూద్దాం. వచ్చే నెల కరీంనగర్ వచ్చేటప్పుడు నా పానాల సంచి తెస్తాను.

నీ మిత్రుడు
రాజు