పదో తరగతి ఇంటర్నల్ మార్కులు: ముందు తనిఖీ బాగు చేయండి

సంపాదకులు గారికి,

పదో తరగతిలో బడి టీచర్లే వేసే 20 ఇంటర్నల్ మార్కులు తీసేసి, ఒక్కో సబ్జెక్టుకు 100 మార్కుల రాత పరీక్షే పెడతామని తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 28న ప్రకటించింది. అదీ ఆ ఏడాది (2024-25) నుంచే. పరీక్షలేమో మార్చిలో. మర్నాడే మాట మార్చి, ఆ ఏడాదికి 80-20 పద్ధతే (రాతకు 80, ఇంటర్నల్స్‌కు 20) ఉంటుందని, కొత్తది 2025-26 నుంచి అమలవుతుందని అన్నారు (తర్వాత 2025-26లోనూ పాత పద్ధతినే కొనసాగించారు). మొదటి ప్రకటన రాగానే మా క్లాసులో ఒకమ్మాయి "టీచర్, చేసిన ప్రాజెక్టులన్నీ వేస్టేనా?" అని అడిగేసింది.

నేను గవర్నమెంటు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ప్రైవేటు బడుల్లో 20కి 20 వేసేస్తారని జనం అనుకుంటారు. అందులో నిజం లేదనను. ఆ మాటకొస్తే సర్కారు బడుల్లోనూ ధారాళంగా వేసేవాళ్లున్నారు. తనిఖీకి బృందాలు రావడం కూడా ఉంది. రికార్డులు తిరగేస్తారు, సంతకాలు పెడతారు, టీ తాగి వెళ్తారు. ఒక్క పిల్లాణ్నయినా పిలిచి "ఇది నువ్వెలా చేశావు?" అని అడిగినవాళ్లను నేను చూడలేదు. అడగడం మొదలుపెడితే సగం దొంగలెక్కలు బయటపడతాయి. ఆ పని చేయకుండా మార్కులే ఎత్తేస్తామంటే ఎలా?

ఇంటర్నల్స్ దయవల్ల పాసైపోతున్నారనే మాట మాత్రం తప్పు. రాతలో 80కి 28 రాకపోతే ఇంటర్నల్స్‌లో 20 వచ్చినా ఫెయిలే (హిందీకి పాస్ మార్కు వేరు).

ఇంటర్నల్ మార్కులకు ఆధారమైన ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) అంటే స్లిప్ టెస్టు, అంటే చిన్న రాత పరీక్ష, ఒక్కటే కాదు. ప్రాజెక్టులు, రాత పనులు, క్లాసులో పాల్గొనడం కూడా అందులో ఉన్నాయి. మా బడిలో ఒక కుర్రాడు జవాబు రాస్తే వాక్యానికో తప్పు. అదే ఓమ్ నియమం ప్రయోగానికి సర్క్యూట్ కలపమంటే అందరికంటే ముందు కలిపేస్తాడు. పక్క గ్రూపు వాళ్లు అమ్మీటరు తిరగేసి పెడితే వెళ్లి సరిచేసి వస్తాడు. గంటన్నర పేపర్లో వాడి చేతి పనికి చోటెక్కడుంది? మార్కులు లేవని తెలిస్తే చాలా బడుల్లో ల్యాబు తాళం తీసేవాళ్లే ఉండరు. మార్కులున్నప్పుడే అంతంతమాత్రం!

కొన్నేళ్ల కిందట పదో తరగతి పరీక్షల్లో 11 పేపర్లు ఆరయ్యాయి. పిల్లలకు ఊపిరాడింది, దాన్ని నేనూ మెచ్చుకున్నాను. మార్పంటేనే వద్దనే మనిషిని కాను.

రద్దు చేసే తీరతామంటే కొన్ని సంగతులు ఇప్పుడే తేల్చాలి. ఫిజికల్ సైన్స్, బయాలజీ ఇప్పుడు వేర్వేరు రోజుల్లో 40 మార్కుల చొప్పున పెడుతున్నారు. అవి 50 చొప్పున అవుతాయా? టైమ్ పెంచుతారా? ఏ పాఠానికి ఎన్ని మార్కులు? ఆ పరీక్ష రాయాల్సిన పిల్లలు తొమ్మిదో తరగతిలో ఉండగానే, వేసవి సెలవులకు ముందే మోడల్ పేపర్లు వాళ్ల చేతికివ్వాలి. మరో నవంబరు దాకా ఆగొద్దు.

– ఒక ఉపాధ్యాయిని, నల్లగొండ జిల్లా