సగం కోర్టు

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

అర్ధసంవత్సర పరీక్షల మార్కులు ఈ వారం మీ ఇళ్ళకు చేరుతాయి. వాటి గురించి తరగతి ఉపాధ్యాయులు మీకు విడిగా రాస్తున్నారు. ఈ నెల నా ఉత్తరం మార్కుల గురించి కాదు.

పోయిన మంగళవారం బడి వదిలాక తొమ్మిదో తరగతి అమ్మాయి తండ్రి ఒకరు నా గదికి వచ్చారు. హెల్మెట్ చేతిలోనే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. వాళ్ళమ్మాయి రెండేళ్ళుగా నాలుగు వందల మీటర్ల పరుగులో మండలంలో మొదటి స్థానం తెచ్చుకుంటోంది. ఈ వేసవి నుంచి మోకాలి నొప్పి మొదలైంది. దూరం తగ్గించమని డాక్టరు చెప్పడంతో మా పీఈటీ సారు ఆమెను ఆ పరుగు నుంచి తప్పించి, నలుగురు తలా వంద మీటర్లు పరుగెత్తే రిలే జట్టులోకి మార్చారు. “మా అమ్మాయిని ఒక మెట్టు కిందికి దించారా మేడం?” అని అడిగారాయన. గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది.

అప్పటికి తోచిన జవాబేదో చెప్పి పంపాను. కానీ ఆయన అడిగిన దానికి అది తగిన జవాబు కాదని ఆ రాత్రంతా అనిపిస్తూనే ఉంది. ఆయనకు సానియా మీర్జా గురించి చెప్పి ఉండాల్సింది. తండ్రీ కూతుళ్ళు ఇద్దరినీ అడిగి, వాళ్ళు సరేనన్నాకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

సానియా పేరు తెలియని ఇల్లు మన దగ్గర ఉండదు. 1986లో ముంబయిలో పుట్టినా పెరిగిందంతా హైదరాబాదులోనే. ఆరేళ్ళప్పుడు తల్లి టెన్నిస్ కోర్టుకు తీసుకెళ్తే, మరీ చిన్నపిల్ల అని కోచ్ మొదట చేర్చుకోలేదట. పేడతో అలికిన కోర్టుల మీద ఆడి పెరిగానని ఆమే చాలాసార్లు చెప్పింది. ఎండలో ఆడితే నల్లబడిపోతుంది, రేపు పెళ్ళి ఎలా అవుతుందని చుట్టుపక్కల వాళ్ళు అన్న మాటలనూ ఆమె దాచుకోలేదు. ఆ మాటలు నేటికీ మన వీధుల్లో వినిపిస్తున్నాయి. ఆడపిల్లను ఆటకు పంపే ప్రతి అమ్మా వాటిని ఏదో ఒక రూపంలో వింటూనే ఉంది. సానియా తల్లిదండ్రులు విన్నారు, విని ఊరుకున్నారు, కూతురిని మాత్రం మర్నాడు మళ్ళీ కోర్టుకు తీసుకెళ్ళారు.

2003లో వింబుల్డన్‌లో బాలికలు జంటగా ఆడే డబుల్స్ గెలిచింది. 2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండు దాకా వెళ్ళి సెరీనా విలియమ్స్ చేతిలో ఓడింది. ఆ మరుసటి నెలే హైదరాబాదులో జరిగిన టోర్నీలో, ఒక్కరే ఆడే సింగిల్స్ టైటిల్ గెలిచింది. మహిళల టెన్నిస్ సంఘమైన డబ్ల్యూటీఏ టోర్నీలో సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారత మహిళ ఆమే. నేనప్పుడు హైదరాబాదులో బీఈడీ చదువుతున్నాను. మా హాస్టల్లో టీవీ ఉన్న గదిలో ఆ సాయంత్రం నిలబడడానికి కూడా చోటు దొరకలేదు. అంతకుముందు టెన్నిస్‌లో పాయింట్లు ఎలా లెక్కపెడతారో మాలో చాలామందికి తెలియదు. రెండో సెట్ పోయేసరికి ‘పదిహేను, ముప్పై, నలభై’ అందరి నోటా వచ్చేసింది. అదే ఏడాది ఆమె యూఎస్ ఓపెన్ నాలుగో రౌండు చేరింది. 2007 ఆగస్టులో సింగిల్స్‌లో ప్రపంచ 27వ ర్యాంకుకు ఎదిగింది.

ఆ పైకి ఆమె సింగిల్స్‌లో ఎప్పుడూ వెళ్ళలేదు.

ఒళ్ళు సహకరించలేదు. మోకాళ్ళకు శస్త్రచికిత్సలు జరిగాయి, ఆ తర్వాత మణికట్టు దెబ్బతిన్నది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో సింగిల్స్ మొదటి మ్యాచ్ మధ్యలోనే, నొప్పి భరించలేక తప్పుకోవాల్సి వచ్చింది. జుట్టు దువ్వుకోవడానికి కూడా చెయ్యి సహకరించేది కాదని తర్వాత ఒక సందర్భంలో చెప్పింది. బంతిని అంత బలంగా కొట్టే చెయ్యి దువ్వెన పట్టలేకపోవడం ఎలా ఉంటుందో ఆ ఇంటి వాళ్ళకే తెలియాలి. కోలుకుని మళ్ళీ ఆడింది కానీ 2013 నాటికి సింగిల్స్ పూర్తిగా వదిలేసి, ఇక డబుల్స్ మాత్రమే ఆడతానని నిర్ణయించుకుంది.

పిల్లలను ఓదార్చడానికైనా అబద్ధం చెప్పకూడదు కాబట్టి ఒక నిజం ఇక్కడే చెప్పేస్తాను. టెన్నిస్‌లో సింగిల్స్‌కు ఉన్న పేరు, డబ్బు డబుల్స్‌కు లేవు. ఒంటరిగా గెలిచిన వాళ్ళ ఫొటో పత్రిక మొదటి పేజీలో వస్తే, జంటగా గెలిచిన వాళ్ళది లోపలి పేజీలో వస్తుంది. అప్పటికి ఆమె వయసు ఇరవై ఆరు. పని అయిపోయిందని జనం అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు కోర్టు కొలతలు చూడండి. మీ పిల్లలకు ఇది మంచి లెక్క కూడా అవుతుంది. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు. అదంతా ఒక్కరే పరుగెత్తి కాపాడుకోవాలి. డబుల్స్‌కు రెండు పక్కల ఉన్న పట్టీలు కూడా కలిసి 36 అడుగులు అవుతుంది. ఆడేది ఇద్దరు కనుక ఒక్కొక్కరి వంతుకు 18 అడుగులే వస్తాయి. సింగిల్స్‌లో ప్రతి రెండు గేముల్లో ఒకటి తానే సర్వీసు చేయాలి, డబుల్స్‌లో నాలుగింటికి ఒక్కసారి చేస్తే చాలు. సానియా ఫోర్‌హ్యాండ్‌ను, అంటే కుడిచేతి వైపు వచ్చిన బంతిని కొట్టే దెబ్బను చూసి పెద్ద పెద్ద ఆటగాళ్ళే మెచ్చుకునేవారు. ఆమె బలహీనతల్లా సర్వీసు, అందులోనూ మొదటిది తప్పితే చేసే రెండో సర్వీసు. నొప్పి పెట్టే మోకాళ్ళకు పరుగు తగ్గింది. బలహీనమైన సర్వీసు తక్కువసార్లు చేస్తే సరిపోయింది. ఫోర్‌హ్యాండ్ మాత్రం ఎక్కడికీ పోలేదు. నన్నడిగితే ఆమె చేసింది తన చేతిలో ఏముందో, ఏం లేదో కూర్చుని నిజాయితీగా లెక్క వేసుకోవడం. అందుకే దాన్ని మెట్టు దిగడం అనడానికి నాకు నోరు రాదు.

2015 మార్చిలో స్విట్జర్లాండ్‌కు చెందిన మార్టినా హింగిస్‌తో జత కట్టింది. హింగిస్‌కు నెట్ దగ్గర ఆట, ఎడమ వైపు వచ్చిన బంతిని కొట్టే బ్యాక్‌హ్యాండ్ బలం. సానియాకు వెనక నుంచి కొట్టే ఫోర్‌హ్యాండ్ బలం. ఒకరికి లేనిది మరొకరి దగ్గర ఉంది. కలిసి ఆడిన మొదటి మూడు టోర్నీలూ గెలిచారు. 2015 ఏప్రిల్ 13న సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. అన్నీ కలిపి 91 వారాలు ఆ స్థానంలో ఉంది.

ఆ ఏడాది జూలైలో జరిగిన వింబుల్డన్ ఫైనల్ రాత్రి నాకు ఇప్పటికీ గుర్తుంది. అర్ధరాత్రి దాటింది, ఇంట్లో అందరూ నిద్రపోయారు, టీవీ శబ్దం బాగా తగ్గించి చూస్తున్నాను. ఎదుటి జంట రష్యాకు చెందిన మకరోవా, వెస్నినా. మొదటి సెట్ 5-7తో పోయింది. రెండోది 6-6 దగ్గర ఆడే టైబ్రేక్‌లో దక్కింది. మూడో సెట్‌లో 2-5తో వెనకబడ్డారు. ఇంకొక్క గేమ్ పోతే అంతే. టీవీ కట్టేసి పడుకుందామని లేచి కూడా మనసొప్పక నిలబడే చూశాను. ఒక్కో గేమ్ చొప్పున లాక్కొచ్చి 5-5 చేశారు. అప్పటికి లండన్‌లో చీకటి పడుతోంది. ఆట ఆపి సెంటర్ కోర్టు పైకప్పు మూశారు, దీపాలు వేశారు. అంత ఒత్తిడిలో వచ్చిన ఆ విరామం ఆడేవాళ్ళ గుండెను ఎంత పరీక్షిస్తుందో ఆలోచించండి. తిరిగి వచ్చి వరసగా రెండు గేములు గెలిచారు. 7-5. మహిళల డబుల్స్‌లో వింబుల్డన్ గెలిచిన తొలి భారతీయురాలు సానియా అయింది. ఆ తర్వాత అదే ఏడాది యూఎస్ ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా ఈ జంటవే. మధ్యలో వరసగా 41 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడారు. అంతకుముందు మిక్స్‌డ్ డబుల్స్‌లో, అంటే ఒక పురుషుడు, ఒక మహిళ జంటగా ఆడే ఆటలో గెలిచిన మూడు టైటిళ్ళతో కలిపి సానియా ఖాతాలో ఆరు గ్రాండ్‌స్లామ్‌లు, అంటే టెన్నిస్‌లోని నాలుగు అతి పెద్ద టోర్నీల టైటిళ్ళు ఉన్నాయి.

2018లో కొడుకు పుట్టాడు. రెండేళ్ళకు పైగా ఆటకు దూరంగా ఉండి, 2020 జనవరిలో హోబర్ట్‌లో ఆడిన మొదటి టోర్నీలోనే డబుల్స్ టైటిల్ గెలిచింది. ఉద్యోగానికి తిరిగి వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లులు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఆఖరి గ్రాండ్‌స్లామ్ 2023లో మెల్‌బోర్న్‌లో, ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఆడింది. మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్‌లో భాగస్వామి భారత ఆటగాడు రోహన్ బోపన్న. పద్నాలుగేళ్ళ వయసులో మిక్స్‌డ్ డబుల్స్‌లో తన మొదటి భాగస్వామి కూడా ఆయనే అని చెబుతూ కోర్టులోనే కన్నీళ్ళు పెట్టుకుంది. ఆ ఫైనల్ ఓడిపోయారు. బోపన్న గురించి కూడా ఒక్క మాట. ఆయన మోకాళ్ళలో మృదులాస్థి అరిగిపోయింది. అయ్యంగార్ యోగా చేస్తూ నెట్టుకొచ్చి, 2024 జనవరిలో, 43 ఏళ్ళ వయసులో, అదే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో పురుషుల డబుల్స్ గెలిచి ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. ఈ సంగతి మా పీఈటీ సారు తొమ్మిదో తరగతిలో చెప్పినప్పుడు ముందు వరసలో ఒక అమ్మాయి తన మోకాలిని చేత్తో తడుముకుందట.

ఇక మన బడి సంగతులు. తొమ్మిది, పది తరగతులకు వారానికి రెండు ఆటల పీరియడ్లు ఫిబ్రవరి చివరి దాకా అలాగే ఉంటాయి. వాటిని తీసేసి గణితం చెప్పించమని కొందరు అడిగారు. క్షమించండి, అది నేను చేయను. పిల్లలకు ఒంట్లో ఎక్కడైనా నొప్పి ఉంటే దాచకుండా పీఈటీ సారుకు చెప్పమనండి. ఆట మానిపిస్తారేమోనని భయపడి చాలామంది చెప్పడం లేదు. ఏ ఆటకైనా, ఏ జట్టుకైనా మార్చే ముందు ఇకపై మీకు కబురు చేస్తాం. మంగళవారం వచ్చిన ఆ తండ్రికి ముందుగా చెప్పకపోవడం మా తప్పే.

రిలే జట్టు సాధన శనివారాల్లో సాయంత్రం నాలుగున్నరకు. ఆ అమ్మాయి రెండో వంతు పరుగెత్తుతోంది. ఆ వంతు చాలా భాగం నేరుగా సాగుతుంది, మోకాలి మీద మలుపు భారం తక్కువ. పోయిన శనివారం నేనూ వెళ్ళి గీత పక్కన నిలబడి చూశాను. వెనక్కి తిరగకుండా, అరచెయ్యి వెనక్కి చాచి బ్యాటన్ అందుకోవడం నేర్చుకుంటోంది. మొదటి నాలుగుసార్లు కింద పడేసింది. ఐదోసారి చేతిలో పడగానే వేళ్ళు బిగించి దూసుకుపోయింది. గేటు దగ్గర బండి ఆపి వాళ్ళ నాన్నగారు అది చూస్తున్నారు. ఈసారి లోపలికి రండి, కుర్చీ వేయిస్తాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు