అన్ని పరుగులకూ ఒకే సాధన చాలదు

సంపాదకులకు నమస్కారం.

కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధమయ్యే యువకులు మా మైదానంలో తెల్లవారుజామునే రౌండ్ల మీద రౌండ్లు కొడుతూ, 1600 మీటర్లు గట్టెక్కితే 100 మీటర్లు ఎంతలే అనుకుంటున్నారు. మొదటిది ప్రధానంగా ఏరోబిక్ వ్యాయామం. అందులో కండరాలకు కావలసిన శక్తి చాలావరకు ఊపిరితో అందే ఆక్సిజన్ సాయంతోనే తయారవుతుంది. 100 మీటర్లలో అంత వ్యవధి ఉండదు కనుక, కండరాల్లో నిల్వ ఉన్న క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే, క్షణాల్లో శక్తినిచ్చే పదార్థం, ఆక్సిజన్ లేకుండానే విచ్ఛిన్నమయ్యే గ్లైకోజెన్ (కండరాల్లోని చక్కెర నిల్వ) ఆ శక్తిని అందిస్తాయి; ఇది అనేరోబిక్. క్రియాటిన్ ఫాస్ఫేట్ సుమారు 10 సెకన్లలోనే చాలావరకు ఖర్చయిపోయి, తిరిగి నిండడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. కాబట్టి పొట్టి పరుగుల మధ్య నడుముమీద చేతులేసుకుని నిలబడ్డ కుర్రవాణ్ణి బద్ధకస్తుడంటూ శిక్షకులు కేకలేయడం (ఇది నిత్యం వినబడేదే) సబబు కాదు. శిక్షణ కేంద్రాలు స్ప్రింట్లకు విడిగా రోజులు కేటాయించి, తగిన విరామాలతో చేయించాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, తెనాలి