నీళ్ల వాటాల లెక్క: శీనుగాడికి ఉత్తరం

ఒరేయ్ శీనూ,

నాలుగు మునిసిపాలిటీలు ఒకే పైపులైను మీద నీళ్లు తీసుకుంటే సభ్యత్వ వాటాలు ఎలా పంచాలని అడిగావు. "ఎవరెన్ని వాడితే అంత వాటా" అని నువ్వే తేల్చేశావు కూడా. గొడవంతా ఆ "ఎన్ని" దగ్గరే ఉందిరా. ఏ ఏళ్లవి లెక్కలోకి తీసుకోవాలి? సగటు చూడాలా, ఎండాకాలంలో అందరికంటే ఎక్కువ లాగిన రోజు చూడాలా? ఆ వాటా డబ్బు కట్టడానికా, ఓటుకా, కరువొస్తే నీళ్లకా? మూడింటికీ ఒకే అంకె పెట్టారంటే ఎప్పటికో కోర్టులో తేలతారు.

దక్షిణ కాలిఫోర్నియాలో మెట్రోపాలిటన్ వాటర్ డిస్ట్రిక్ట్ అని ఉంది. 1928లో పెట్టారు, ఇప్పుడు 26 సభ్య సంస్థలు. వాళ్లు ఈ మూడింటినీ విడదీశారు. ఓట్లకి నీళ్లతో సంబంధమే లేదు: సభ్యుడి పరిధిలో పన్ను వేయదగ్గ ఆస్తి విలువ ప్రతి కోటి డాలర్లకీ ఒక ఓటు. వాడకం చూసేది ఖర్చులు పంచేటప్పుడు. అందులో ఒకటి, నీళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంచినందుకు వసూలు చేసే రుసుం. దాన్ని ఒక్కో సభ్యుడు తీసుకున్న నీళ్ల పదేళ్ల చలన సగటు (ఏటా ఒక ఏడాది జరిగే, గడిచిన పదేళ్ల సగటు) మీద పంచుతారు. రెండోది సామర్థ్య రుసుం. గడిచిన మూడేళ్లలో మే 1 నుంచి సెప్టెంబర్ 30 లోపు ఏ ఒక్క రోజున ఎక్కువ లాగారో, ఆ రోజు క్యూసెక్కులకి కడతారు. క్యూసెక్కు అంటే రోజుకి సుమారు 24.5 లక్షల లీటర్లు. ఏ జూన్‌లోనో ట్యాంకులన్నీ ఖాళీ చేసుకుని ఒకేరోజు నింపారనుకో, ఆ తప్పు మూడేళ్లు వెంటాడుతుంది. నాకైతే ఇది న్యాయమే అనిపిస్తుంది. పైపు సైజు తేల్చేది ఆ ఒక్క రోజే కదా.

ఇక అసలు తిరకాసు కరువు హక్కుది. వాళ్ల చట్టంలో 135వ సెక్షన్ ఉంది. సభ్యులు కట్టిన పన్నులూ ఇతర మొత్తాలూ కలిపి దామాషా హక్కు వస్తుంది, నీళ్లు కొన్న డబ్బు మాత్రం లెక్కలోకి రాదు. లాస్ ఏంజిలిస్‌కి 1913 నుంచే సొంత కాలువ ఉంది, మొదట్లో నీళ్లు తక్కువ తీసుకుని పన్ను ఎక్కువ కట్టింది. 1946లో చేరిన శాన్ డియాగో వాళ్లేమో నీళ్లు దండిగా కొనేవాళ్లు, హక్కు చూస్తే కొనుగోళ్ల కంటే బాగా తక్కువ. మేం నీళ్లకి కట్టిందీ లెక్కెయ్యాలని 2001లో కేసు వేసి, 2004లో అప్పీలు కోర్టులో ఓడిపోయారు. అందుకే ఏ రూపాయి హక్కు తెస్తుందో, ఏది తేదో మొదటి ఒప్పందంలోనే రాయించు.

ఏళ్లు ఎంచుకోవడంలోనూ అంతే. మన కృష్ణా సంగతే చూడు: నీళ్ల పంపకానికి వేసిన బచావత్ ట్రిబ్యునల్ 78 ఏళ్ల ప్రవాహం తీసుకుని 75 శాతం నమ్మకం మీద (అంటే వందేళ్లలో 75 ఏళ్లు దొరికే నీళ్ల మీద) లెక్క కట్టింది, తర్వాతి బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 47 ఏళ్లు తీసుకుని 65 శాతానికి దిగింది. నది ఒకటే, నీళ్లు మారిపోయాయి.

మీ నాలుగు ఊళ్ల సగటు వాడకం 41.4, 27.3, 18.45, 12.85 శాతం అనుకో. వంద వాటాలు పంచాలి. మామూలుగా దగ్గరి అంకెకి సర్దితే 41, 27, 18, 13. కూడితే 99, ఒకటి తగ్గింది! అలా కాకుండా ముందు పూర్ణాంకాలు ఇచ్చెయ్: 41, 27, 18, 12, మొత్తం 98. మిగిలిన రెండూ పెద్ద భిన్నం ఉన్నవాళ్లకి: 0.85 ఊరికి ఒకటి, 0.45 ఊరికి ఒకటి. 41, 27, 19, 13 అయ్యాయి. ఈ నియమం ముందే కాగితం మీద పెట్టు, లేకపోతే ఆ ఒక్క వాటా కోసం సమావేశం రాత్రిదాకా సాగుతుంది.

వాడకం మీద వాటా అనగానే పొదుపు చేసినవాడు నష్టపోతాడు, అది గుర్తుంచుకో. లీకేజీలు కట్టి, తలసరి వాడకం తగ్గించిన ఊరి వాటా తగ్గుతుంది, ధారాళంగా పారబోసిన ఊరిది పెరుగుతుంది. మెట్రోపాలిటన్ వాళ్లు 2008లో తెచ్చిన కరువు పంపకపు ప్రణాళికలో గత వాడకాన్ని మూలంగా పెట్టుకుని, జనాభా పెరుగుదలకీ సొంత నీటి వనరులకీ చేసిన పొదుపుకీ సర్దుబాటు ఇచ్చారు. ఆ సర్దుబాటు మీకూ కావాలి.

ఇంతా చేసి మీటర్ సరిగా లేకపోతే అంతా వృథా. ఊరి సరిహద్దులో, ట్యాంకుకి ముందు బల్క్ మీటర్ (ఊరు మొత్తానికి వెళ్లే నీళ్లు కొలిచేది) ఉండాలి. ఎలక్ట్రోమాగ్నెటిక్ మీటర్ అయితే దానికి ముందు మామూలుగా పైపు వ్యాసానికి ఐదు రెట్లు తిన్నని పైపు వదులుతారు. 400 మిల్లీమీటర్ల లైనుకి రెండు మీటర్లన్నమాట. వంపు గానీ సగం తెరిచిన వాల్వు గానీ దగ్గర్లో ఉంటే రీడింగు ఎగుడుదిగుడుగా వస్తుంది. లైను ఎత్తైన చోట పెట్టొద్దు. పైపు నిండకుండా పారితే ఎక్కువ చూపిస్తుంది, ఆ ఊరు ఊరికే డబ్బు కడుతుంది. మీటర్ పాడైన నెలని సున్నా అని రాయొద్దు, అలాగని కాంట్రాక్టరు చెప్పిన అంకె కూడా రాయొద్దు. అంతకు ముందు మూడేళ్లలో అదే నెల సగటు వేసి, పక్కన "అంచనా" అని గుర్తు పెట్టు.

ముందు గత ఐదేళ్ల నెలవారీ రీడింగులు నాలుగు ఊళ్లవీ పంపించు, ఖాళీలు ఎక్కడున్నాయో చూద్దాం.

నీ,
రఘు