పెద్దల తప్పుకి పిల్లల్ని గేటు బయట నిలబెట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది మదనపల్లె, తొమ్మిదేళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం, మా పాప ఇక్కడే ఒక ప్రైవేట్ స్కూల్లో నాలుగో క్లాసు. స్కూళ్లు పిల్లల దగ్గర ఎంత స్ట్రిక్టుగా ఉండాలి అని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రెండు వారాలుగా ఒకటే గొడవ. సగం మంది ఇప్పటి పిల్లలకి భయం లేదు భక్తి లేదు, మొక్కై వంగనిది మానై వంగునా అంటారు, మిగతా సగం పిల్లల్ని ఒక్క మాట కూడా అనకూడదంటారు. నాకైతే అసలు ఏ తప్పుకి స్ట్రిక్టుగా ఉంటున్నారు, ఆ తప్పు ఎవరిది అనేది ఎవరూ అడగట్లేదు అనిపించింది.

పోయిన నెల ఒకరోజు తెల్లారుజాము నుంచి వాన. ఔటర్ రింగ్ రోడ్డు సంగతి మీకు తెలిసిందే, మెట్రో పనులు, నీళ్లు, స్కూల్ వ్యాను హ్యాంగింగ్ బ్రిడ్జి దగ్గరే ఇరుక్కుపోయింది. 8.30కి గేటు మూస్తారు, వీళ్లు చేరేసరికి 8.50. వ్యానులోని 11 మంది పిల్లల్నీ 40 నిమిషాలు గేటు బయటే నిలబెట్టారు. వాచ్‌మన్ పాపం తన గొడుగు తెచ్చి చిన్నవాళ్ల మీద పట్టాడంట. సాయంత్రం మా పాప బూట్లు విప్పితే సాక్సులు ఇంకా తడిగానే ఉన్నాయి, కాలివేళ్లు తెల్లగా ముడతలు పడిపోయాయి. డైరీలో ఎర్ర ఇంకుతో లేట్ అని స్టాంపు. అది చూపించి, నాన్నా నేను 7కే రెడీ అయ్యా కదా అంది. ఏం చెప్పాలి నేను?

ఇంకో స్కూల్లో మాకు తెలిసినవాళ్ల బాబుని టర్మ్ ఫీజు కట్టలేదని క్లాసులో పేరు చదివి నిలబెట్టారు. వాడి వయసు 10. ఫీజు కట్టేది వాడా?

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాంట్లో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడంతో పాటు మానసికంగా వేధించడం కూడా నిషేధం అంటుంది. మనవాళ్లకి కొట్టకూడదు అన్నది మాత్రమే గుర్తుంది, రెండోది ఎవరికీ పట్టదు. బెత్తం పోయింది గానీ దాని బదులు స్టాంపులు, గేట్లు, అందరి ముందు పేర్లు చదవడాలు వచ్చాయి.

మా రోజుల్లో గోడకుర్చీలు, గుంజీళ్లు, తొడపాశాలు అన్నీ అయ్యాయి. మా నాయన నన్ను బళ్లో చేర్చేటప్పుడు, కండ్లు వదిలేసి యాడైనా కొట్టండి సార్ అని చెప్పొచ్చినాడు. ఎక్కాలు తప్పు చెప్తే దెబ్బలు పడేవి, నాకు 13వ ఎక్కం చాలా ఏళ్లు రాలేదు, ఎందుకంటే ఆ సార్ ఎదుట నిలబడితే నోరే పెగిలేది కాదు. దెబ్బలు తిన్నాం కాబట్టే బాగుపడ్డాం అనే ఫ్రెండ్స్‌తో నేను ఒప్పుకోలేను.

అలాగని స్ట్రిక్టుగా ఉండొద్దు అనట్లేదు. మా పాప ఒకసారి హోంవర్క్ పక్కమ్మాయి నోట్సు చూసి దించేసింది. లెక్కల మేడమ్ ఒక్క మాట తిట్టలేదు, లంచ్‌లో పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఆరు లెక్కలూ మళ్లీ చేయించింది, రెండు తప్పొస్తే అవి మళ్లీ చేయించింది, తర్వాత నాకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. పాపకి ఆ మేడమ్ అంటే భయమూ ఉంది, ఇష్టమూ ఉంది. అదే స్కూల్లో పెద్ద క్లాసు పిల్లలు వ్యానులో చిన్నవాళ్ల టిఫిన్ బాక్సులు లాక్కుని తింటున్నారని మేము నాలుగుసార్లు చెప్తే మాత్రం, పిల్లలు కదండీ అని నవ్వేశారు. గట్టిగా ఉండాల్సింది అక్కడ కదా! అక్కడ వదిలేసి వానలో తడిసిన పిల్లల మీద రూల్ చూపిస్తే ఎలా?

టీచర్ల బాధ కూడా నాకు తెలుసు. అదే విద్యా హక్కు చట్టం ఒకటి నుంచి ఐదో క్లాసు దాకా, బడిలో పిల్లలు 200 దాటినా సరే ఒక టీచర్‌కి 40 మందికి మించకూడదు అంటుంది, మా పాప సెక్షన్లో 44 మంది ఉన్నారు. ఒక్క మనిషి గొంతు పోయేలా అరవక ఏం చేస్తుంది? దానికి జవాబు చెప్పాల్సింది మేనేజ్‌మెంట్.

స్కూళ్లని నేను అడిగేది పెద్ద విషయమేం కాదు. గేటు మూసుకోండి, కానీ లోపల రేకుల షెడ్డు కిందో, ఆఫీసు వరండాలోనో పిల్లల్ని కూర్చోబెట్టండి. వ్యాను లేటయితే డ్రైవర్ని, ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జిని అడగండి. ఫీజు బాకీ ఉంటే మాకు ఫోన్ చేయండి, ఫైన్ వేయండి, కడతాం, పిల్లల చెవిన మాత్రం వేయకండి. ఆ లేట్ స్టాంపు కూడా తల్లిదండ్రులకి పంపే మెసేజ్‌లోనే ఉంచండి, పాప డైరీలో వద్దు.

ఇట్లు,
ఒక నాలుగో క్లాసు పాప తండ్రి,
కె.ఆర్.పురం, బెంగళూరు