వార్షిక నివేదిక: మూడు డ్రమ్ములు, ఒక గుమ్మడికాయ, రావలసిన గుండిగ

ప్రభువునందు ప్రియులైన సభ్యులకు వందనాలు. గత ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా ఒడిశాలోని పర్లాకిమిడిలో మన తెలుగు క్రైస్తవ సహాయ సంఘం చేసిన పని ఇది. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే, ఆ పేజీ మళ్ళీ చదవను.

ఈ ఏటి వాక్యం లూకా 16లోని గృహనిర్వాహకుడిది. లెక్క అప్పగించమని యజమాని పిలిచేదాకా ఆస్తి తనది కాదన్న సంగతి అతనికి గుర్తులేదు. మన పాస్టరు అయ్యగారు దీని మీద నాలుగు ఆదివారాలు చెప్పారు. యువకుల కూటంలో తలాంతుల ఉపమానం తీసుకున్నాం. మన పిల్లలకి తలాంతు అంటే పాటల పోటీ. మత్తయి 25లో అది డబ్బు, సుమారు 6,000 దేనారాలు. ఒక దేనారం ఒక రోజు కూలి. అంటే ఒక్క తలాంతే పుచ్చుకుని దాన్ని భూమిలో పాతిపెట్టినవాడి చేతిలో కూడా ఇంచుమించు 20 ఏళ్ళ కూలి ఉంది. ఇది చెప్పగానే వెనక బెంచీలోని కుర్రాడు "అంత డబ్బూ పాతిపెట్టేశాడా మాస్టారూ" అన్నాడు. ఆ సాయంత్రానికి అది చాలు.

జాన్ వెస్లీ గారి సంగతి కూడా చెప్పాం. ఏడాదికి 30 పౌండ్లు వచ్చినప్పుడు 28తో బతికి 2 ఇచ్చారట. మరుసటి ఏడు 60 వచ్చినా 28తోనే గడుపుకుని 32 ఇచ్చారు. "ఆయనకి ఇంటద్దె పెరగలేదేమో" అన్నారు మన కోశాధికారి. నవ్వులాట సరే గాని, 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడా బాప్తిస్టు మిషన్ వారు మన వైపు వచ్చిన రోజుల్లో డబ్బు ఓడ మీద వచ్చేది. ఇప్పుడు మన వంటింట్లోంచే రావాలి.

వంటింటి మాట వచ్చింది కాబట్టి గుప్పెడు బియ్యం గురించి. వంటకి బియ్యం కొలిచేటప్పుడు గుప్పెడు తీసి డబ్బాలో వేయడం, నెల మొదటి ఆదివారం గుడికి తెచ్చి డ్రమ్ములో పోయడం అందరూ ఒప్పుకున్న పద్ధతే. ఆగస్టులో మొదటిసారి ఆ డ్రమ్ములోంచి తీసి వండినప్పుడు నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. సన్నబియ్యం జావైపోయింది, ఉప్పుడు బియ్యం పలుకు పలుకుగానే ఉంది, మధ్యలో నూక. "విధవరాళ్ళ ఇళ్ళకి పంపేది ఇదేనా బాబూ" అని పాస్టరమ్మగారు గరిటె నా ముందు పెట్టారు. నేనేం చెప్పను? ఆ మర్నాడే రకానికొకటిగా మూడు డ్రమ్ములు పెట్టాం. పెట్టాక ఇంకో సంగతి బయటపడింది. రేషన్ బియ్యం డ్రమ్ము పొర్లుతోంది, సన్నబియ్యం డ్రమ్ముకి అడుగు కనిపిస్తోంది. రేషన్ బియ్యం తినే ఇల్లు రేషన్ బియ్యమే ఇస్తే అది నిండు కానుక. తాము సోనా మసూరి తింటూ, కోళ్ళకి చల్లేది దేవుడి డబ్బాలో వేసేవారి సంగతి వేరు. పేర్లు రాయను. డబ్బాల మీద ఇంటి నంబర్లున్నాయి.

కోతకాలపు పండుగ జనవరిలో జరిగింది. ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది ఇదే. కొండ మీది ఊళ్ళ నుంచి సవర సోదరులు అల్లం, పసుపు, కందులు మోసుకొచ్చారు. కూలి పనికి వెళ్ళే మన పెద్దమ్మ ఒకావిడ తన పాక మీద కాసిన గుమ్మడికాయ తెచ్చారు. ఒక పక్క మెత్తబడి ఉంటే ఆ పక్క కిందికి తిప్పి బల్ల మీద పెట్టారు. వేలం మొదలైంది. ఎవరూ పాడరేమోనని భయమేసిందో ఏమో, "పది రూపాయలు" అని ఆవిడే అనేశారు. సొంత కాయకి సొంత పాట! అందరం నవ్వాం, ఆవిడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. అక్కడి నుంచి యాభై, నూరు, మూడొందలు. ఆటో నడిపే తమ్ముడు ఆరొందలకి పాడి, డబ్బు కట్టి, కాయ మళ్ళీ బల్ల మీదే పెట్టేశాడు. అలా నాలుగు చేతులు మారి మధ్యాహ్నానికి పులుసైంది. మెత్తబడిన ముక్క కోసి పారేసింది కూడా పెద్దమ్మే. భోజనాలు అడ్డాకు విస్తళ్ళలో పెట్టాం, ప్లాస్టిక్ లేదు.

ఆ రోజు గిన్నెలు తోమడానికి వస్తామని వాట్సాప్‌లో బొటనవేలు చూపించినవారు ముప్పై ఒక్కరు. వచ్చినవారు నలుగురు. ఆ నలుగురిలో ఇద్దరికి ఫోనే లేదు.

లెక్కలు. లెక్క అప్పగించమన్న వాక్యం మీద ఏడాదంతా మాట్లాడి కార్యదర్శి లెక్కల్ని నాలుగు ముక్కల్లో దాటేస్తున్నాడంటారు, తెలుసు. ఆడిట్ అయిన కాగితం వరండా బోర్డుకి అంటించాం, చూసుకోండి. వడ్డీ లేని అక్కర నిధి నుంచి ఆసుపత్రి ఖర్చులకీ, పిల్లల ఫీజులకీ ఇచ్చాం. ముగ్గురు ఇంకా తిరిగి కట్టలేదు. తలుపు తడితే లేమని చెప్పించకండి, లోపల టీవీ వినబడుతోంది.

సమాధుల తోట దారి కోసం ఇచ్చిన అర్జీ మూడుసార్లు వెనక్కొచ్చింది. మొదటిసారి ఒడియాలో లేదన్నారు. ఒడియాలో రాయించి ఇస్తే నకలు జత చేయలేదన్నారు. మూడోసారి సారు సెలవు. నాలుగోసారి నాతో ఎవరైనా వస్తే బాగుంటుంది, ఒక్కణ్ణే వెళ్తే కుర్చీ కూడా చూపించడం లేదు.

అయ్యగారికి, అమ్మగారికి, డ్రమ్ములు కడిగి ఎండబెట్టిన స్త్రీల సమాజానికి, విస్తళ్ళు కుట్టిన అక్కలకి, పాతపట్నం నుంచి బస్సెక్కి వచ్చి దారి ఖర్చు కూడా పుచ్చుకోని ప్రసంగీకులకి, సౌండ్ బాక్సులు ఊరికే ఇచ్చిన తమ్ముడికి, టెంటు కిరాయి తగ్గించిన హిందూ సోదరుడికి, వానలో కూడా డబ్బాలు తెచ్చిన ఆదివారపు బడి పిల్లలకి మా కమిటీ కృతజ్ఞతలు. ఎవరినైనా మరిచిపోతే క్షమించాలి.

చివరగా, సంఘం పెద్ద గుండిగ డిసెంబరులో ఒక పెళ్ళికి వెళ్ళి ఇంతవరకు తిరిగి రాలేదు. పండుగకి అద్దె గుండిగలో వండాం. తోమకపోయినా పరవాలేదు, తెచ్చి వరండాలో పెట్టేయండి.

ఇట్లు,
కార్యదర్శి