మీ కాలేజీ రైఫిల్ కర్ర

విజయవాడ,
మృగశిర కార్తె.

చి. అమ్మాయికి,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. మొన్న ఆదివారం ఫోనులో మీ కాలేజీ రైఫిల్ కర్ర గురించి నువ్వు అడిగిన మాట నా మనసులోనే ఉండిపోయింది. "మిషను పెట్టి ఆ నలుపంతా గీకేసి, మంచి పాలిష్ కొడితే రెండు రోజుల్లో కొత్తదానిలా అయిపోతుంది కదా, నెల రోజుల నుంచి ఏం చేస్తున్నావు నాన్నా?" అన్నావు. జవాబు ఫోనులో చెప్పగలిగేది కాదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ కాలేజీ ఎన్.సి.సి. స్టోరులో డ్రిల్లు కోసం వాడిన పాత త్రీ నాట్ త్రీ రైఫిళ్ళలో ఒకదాన్ని అద్దాల బీరువాలో పెట్టాలనుకుని, దాని కర్ర బాగుచేయమని నన్ను పిలిచారు. అది కాల్చడానికి పనికిరాకుండా చేసిన డ్రిల్లు తుపాకే అయినా, ఇనుప భాగాన్ని వాళ్ళ గదిలోనే తాళం వేసి ఉంచి, రసీదు మీద సంతకం తీసుకుని నాకు కర్ర భాగాలు మాత్రం ఇచ్చారు. నాకు కూడా అదే నచ్చింది. వచ్చినవి నాలుగు ముక్కలు: భుజానికి ఆనే మడమ, గొట్టం కింద ఉండే పొడవాటి ముందు కర్ర, గొట్టం వేడి చేతికి తగలకుండా పైన కప్పే రెండు చిన్న కర్రలు.

ఈ రైఫిల్ మూలం ఇంగ్లండులో ఉంది. లీ ఎన్‌ఫీల్డ్ అనే ఆ తుపాకిలో పొట్టి రకాన్ని 20వ శతాబ్దపు తొలి ఏళ్ళలో తెచ్చారు. మూడవ మార్కు అని పిలిచే నమూనా 1907లో వచ్చింది. దాన్నే మన దేశంలో, బెంగాలులోని ఈశాపూర్ కర్మాగారంలో, స్వాతంత్ర్యానికి ముందూ తరువాతా తయారుచేశారు. గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో 303 వేల వంతులు కాబట్టి ఆ పేరు వచ్చింది. 1962లో చైనా సరిహద్దు మంచులో మన జవాన్ల చేతుల్లో ఎక్కువగా ఉన్నది ఇదే. నాలుగు కిలోల బరువు. పెరేడ్ అయ్యాక భుజం కమిలిపోయిందని నువ్వు అమ్మ చేత కాపడం పెట్టించుకున్న రోజులు నాకు గుర్తున్నాయి.

కర్ర చేతికి రాగానే ముందు కర్ర వెనుక చివర చూశాను. అనుకున్నంతా అయింది, అక్కడ బెత్తెడు పొడవున చీలి ఉంది. కారణం చెబుతాను, ఎప్పుడైనా నీకు ఉపయోగపడుతుంది. మడమను ఇనుముకు బిగించే పొడవాటి బోల్టు ఒకటి మడమ లోపలి నుంచి వెళుతుంది. ఇత్తడి మడమ రేకుకు ఉన్న చిన్న మూత తెరిచి, నూనె సీసా, గొట్టం తుడిచే తాడు ఉంచుకునే ఆ రంధ్రం గుండానే పొడవాటి స్క్రూడ్రైవర్ పెట్టి దాన్ని తిప్పాలి. అయితే ఆ బోల్టు ముందు కొస నలుచదరంగా ఉండి, ముందు కర్ర వెనుక అంచులో బిగించిన చిన్న ఇనుప రేకులో కూర్చుంటుంది, బోల్టు దానంతట అది వదులు కాకుండా ఉండడానికి. ముందు కర్ర ఊడదీయకుండా బోల్టు తిప్పితే ఆ నలుచదరపు కొస రేకును తిప్పబోతుంది, రేకు కర్రను చీలుస్తుంది. అందుకని ఎప్పుడూ ముందు కర్ర తీసిన తరువాతే మడమ జోలికి వెళ్ళాలి. ఎవరో ఒకప్పుడు తొందరపడి ఆ వరస తప్పారు.

ఇక నీ ప్రశ్నకు వస్తాను. ఆ నలుపు కర్ర రంగు కాదు, పైన వేసిన పూతా కాదు. ఏళ్ళ తరబడి ఇనుముకు పూసిన నూనె, చేతి చెమట, దుమ్ము కలిసి లోపలికి దిగిన బంక. మిషను పెడితే పైన ఉన్న బంకతో పాటు కర్ర కూడా పోతుంది, లోపలి బంక అక్కడే ఉంటుంది. ఈ కర్ర ఇనుముతో, ఇత్తడి మడమ రేకుతో సమానంగా, వేలు పెట్టి రాస్తే మెట్టు తగలనంత నున్నగా కూర్చునేలా చేసినది. ఒక్క నూలు మందం అరగదీసినా ఇత్తడి అంచు పైకి లేచి కనిపిస్తుంది, ఆ తరువాత దానిని కప్పే ఉపాయం లేదు. అన్నిటికీ మించి, మడమ మీదా ముందు కర్ర అడుగునా చిన్న చిన్న ముద్రలు ఉన్నాయి. తనిఖీ చేసినవారి గుర్తులు, డ్రిల్లుకు మార్చినప్పుడు కొట్టిన 'డి.పి.' (డ్రిల్ పర్పస్, అంటే డ్రిల్లు కోసమే) అక్షరాలు. ఉప్పు కాగితం నాలుగు సార్లు ఆడిస్తే చాలు, అవి మసకబారిపోతాయి. మడమ కుడి పక్కన ఇత్తడి బిళ్ళ ఉండాల్సిన చోట గుండ్రటి గుంట మాత్రమే మిగిలింది, దాన్ని కూడా పూడ్చను.

నలభై ఏళ్ళుగా తలుపులు, మంచాలు చిత్రిక పట్టిన చేతులు ఇవి. అరగదీయడం నాకు చేతకాక కాదమ్మా, ఇక్కడ అది తప్పు.

బంక తీయడానికి మన రోహిణి కార్తెను వాడుకున్నాను. రోళ్ళు పగిలే ఎండ అంటారు కదా, ఆ ఎండలో నేరుగా పెడితే ఒక వైపే ఎండి ముందు కర్ర వంగిపోతుంది. అందుకని నల్ల గుడ్డలో చుట్టి షెడ్డు రేకుల కింద, నీడలోనే, వేడి బాగా తగిలే చోట పెట్టాను. మధ్యాహ్నం రెండింటికి గుడ్డ విప్పి చూస్తే నూనె చెమట బొట్లలా పైకి వచ్చి ఉంది. తుడిచి, గుడ్డ మార్చి, తిప్పి పెట్టడం వారం రోజులు. ఆ తరువాత ముల్తానీ మట్టిని అసిటోన్‌తో గోరింటాకు ముద్దలా కలిపి కర్రకు మందంగా పట్టించాను. గాలి ఆడే చోట, నిప్పు దరిదాపుల్లో లేకుండా చేయాలి. అసిటోన్ ఆవిరైపోతూ లోపలి నూనెను మట్టిలోకి లాగుతుంది. తెల్లారి బ్రష్షుతో దులిపితే ఆ లేత రంగు మట్టి కాఫీ గింజల పొడిలా ఉంది. నాలుగో సారి పట్టించినప్పుడు మట్టి దాదాపు తన రంగులోనే రాలింది. అప్పుడు కనిపించింది అమ్మాయీ, అక్రోటు చేవ. ముదురు గోధుమ రంగులో సన్నటి నల్లని చారలు, పిడికిలి పట్టే సన్నని చోట నార నేరుగా, మడమ వైపుకు వెళ్ళేకొద్దీ అలలా తిరుగుతూ. అమ్మను పిలిచి చూపించాను. కాస్టిక్ సోడా వేస్తే ఒక్క పూటలో పని అయ్యేదని ఆటోనగర్‌లో ఒకాయన సలహా ఇచ్చాడు, కానీ అది నారను తినేసి రంగు చంపేస్తుంది.

గుంటల సంగతి వేరు. నార తెగకుండా నలిగిన చోట మాత్రమే నాలుగు మడతల తడి గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె కొసతో ఒత్తితే, ఆవిరి పట్టి నార ఉబ్బి గుంట పైకి వస్తుంది. పై కర్ర మీద ఉన్న రెండు లోతైన గుంటలు అలా తేరుకున్నాయి. ముద్రల దగ్గరకు మాత్రం ఆవిరి పోనివ్వలేదు, అవి కూడా నలిగిన నారే కాబట్టి గుంటతో పాటు ముద్ర కూడా లేచిపోతుంది. మడమ కింది కొసన సిమెంటు నేల తగిలి లేచిన పెచ్చులను అలాగే ఉంచాను. "బాజూ శస్త్" అన్నప్పుడల్లా మీరంతా నేలకు దించిన చోటు అది. వాటివల్ల కర్రకు ఇకముందు హాని లేదు.

చీలిక అలా కాదు, వదిలేస్తే పెరుగుతుంది. సూదిమందు సిరంజితో అసిటోన్ లోపలికి పోసి, జిడ్డంతా పోయేదాకా కడిగి, రెండు రోజులు ఆరనిచ్చాను. జిడ్డు మీద ఏ జిగురూ పట్టదు. నెమ్మదిగా గట్టిపడే రకం అరాల్డైట్‌ను సన్నటి బ్లేడుతో చీలిక అడుగు దాకా నెట్టి, సైకిలు ట్యూబు పట్టీతో బిగించి చుట్టి ఒక రోజు పూర్తిగా కదలనివ్వలేదు. తరువాత అడ్డంగా రెండు సన్నటి వెదురు చీలలు దిగగొట్టాను, బయటికి కనిపించని లోపలి వైపు నుంచి. ఈశాపూర్ వాళ్ళు కూడా తమ రైఫిళ్ళలో చాలావాటికి ముందు కర్ర చీలకుండా అడ్డంగా ఒక స్క్రూ వేసేవారు. దీనికీ ఉంది, దాని తలను తుడిచి అలాగే ఉంచాను.

ఇప్పుడు నూనె పట్టిస్తున్నాను. పి.యు. పాలిష్ వద్దు, ఫ్రెంచి పాలిష్ వద్దు. సైన్యంలో పట్టించిన పచ్చి అవిసె నూనే. గిన్నెను వేడి నీళ్ళలో ఉంచి గోరువెచ్చగా చేసి, అరచేత్తో కర్ర వేడెక్కేదాకా రుద్ది, అరగంట తరువాత పీల్చుకోని నూనెనంతా తుడిచేయాలి. తుడవకుండా వదిలితే పైన బంకలా అట్టకడుతుంది. ఈ నూనె ఆవిరై ఆరదు, గాలిలోని ఆమ్లజనిని పట్టుకుని గట్టిపడుతుంది. చినుకులు మొదలయ్యాక గాలిలో తేమ పెరిగి పూతకూ పూతకూ మధ్య మూడు నాలుగు రోజులు ఆగవలసి వస్తోంది.

ఒక జాగ్రత్త మాత్రం మరిచిపోకు. ఆ నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా పడేయకూడదు. గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పలో ఆ వేడి బయటికి పోలేక దానంతట అదే అంటుకుంటుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో మా గురువుగారి షెడ్డులో ఒక సాయంత్రం మూలనున్న గుడ్డల కుప్ప నుంచి పొగ రావడం నా కళ్ళతో చూశాను. అగ్గిపుల్ల గీసినవాళ్ళు ఎవరూ లేరు. అప్పటి నుంచీ గుడ్డలను తీగ మీద విడివిడిగా ఆరేస్తాను, లేకపోతే బకెట్ నీళ్ళలో ముంచుతాను.

మూడు పూతలు అయ్యాయి. దసరాకు నువ్వు వచ్చేసరికి చివరి పూతలు మిగులుస్తాను, మడమ నీ చేత్తోనే రుద్దుదువుగాని.

ఒక్క సంగతి మాత్రం నువ్వు చెప్పాలి. మడమ ఎడమ పక్కన స్టోరులో ఎవరో తెల్ల రంగుతో 14 అని రాశారు. నాసిగా రాసినదే, సగం పెచ్చులూడింది. మట్టి పట్టించేటప్పుడు దాని చుట్టూ రెండు వేళ్ళ మేర వదిలేశాను. మూడో సంవత్సరం రిపబ్లిక్ డే పెరేడ్ ఫోటోలో నీ చేతిలో ఉన్న రైఫిల్ మీద కూడా ఒక తెల్లటి అంకె ఉంది, కానీ నీ చేయి అడ్డం వచ్చి 1 మాత్రమే కనిపిస్తోంది. నీ అంకె 14 అవునో కాదో గుర్తు తెచ్చుకుని రాయి. నీ ఉత్తరం వచ్చేదాకా ఆ రంగు జోలికి వెళ్ళను.

ఇట్లు,
నాన్న